వరండా పిల్లలు

బడి ఆఫీసు గది,
జూన్, బడి తెరిచిన వారం.

ఒరేయ్ తమ్ముడూ,

ఫోనుండగా ఈ ఉత్తరమేమిటా అని నవ్వుకుంటున్నావేమో. ఫోన్లో అయితే నువ్వు “ఆఁ, ఊఁ, చూద్దాంలే అక్కా” అని తప్పించుకుంటావు. కాగితం మీద ఆఁ ఊఁ అని రాసి పంపలేవు కదా. ఇకమీదట మరదలితో, మేనకోడలితో కబుర్లు ఫోన్లో, నీతో బడి సంగతులు ఉత్తరాల్లో. ప్రధానోపాధ్యాయురాలిగా మీ విద్యాశాఖకి రాసిన అర్జీలకి ఏనాడూ జవాబు రాలేదు. అక్కగా రాస్తేనైనా వస్తుందేమో చూస్తాను.

ముందు మంచిమాట చెప్పేస్తాను, చెప్పకపోతే కళ్లు పోతాయి. మా బడి కప్పు బాగుపడింది. మీ శాఖ బాగుచేయించలేదులే, కంగారు పడకు. భక్త సంఘం వాళ్లు సెలవుల్లో మనుషుల్ని పెట్టి కొత్త రేకులు వేయించారు. మొన్న వాన మొదలవగానే పిల్లలు అలవాటు కొద్దీ బల్లలు మూలకి ఈడ్చారు. తీరా చూస్తే ఒక్క చుక్క పడలేదు. ఆ బల్లల మీదే కూర్చుని నోళ్లు తెరుచుకుని పైకి చూస్తూ ఉండిపోయారు. నాకూ సంతోషం వేసింది, అబద్ధమెందుకు.

ఆ వెనకే మీ ఉత్తర్వు దిగింది. రోజూ మొదటి పీరియడు “నీతి బోధ” అట, చెప్పేది సంఘం పంపే బోధకుడట. అబద్ధమాడకూడదు, తోటివాణ్ణి కొట్టకూడదు అని చెబుతారేమో అనుకున్నాను. కాదు, వాళ్ల దేవుడి కథలు, వాళ్ల ప్రార్థనలు. చివర ఈ వాక్యం ఉంది: “ఇష్టము లేని తల్లిదండ్రులు బడి కమిటీ ఎదుట స్వయముగా హాజరై ఆ సంగతి తెలియజేసినచో, వారి పిల్లలు ఆ సమయమున వెలుపల ఉండవచ్చును.”

ఇది నీ వాక్యమే కదూ? నీకు అక్షరాలు దిద్దబెట్టినదాన్ని, ఆ మాత్రం పోల్చుకోలేనా? సర్కారు మన బిడ్డని తీసుకెళ్లి పక్కింట్లో పడుకోబెట్టి, ఏడిస్తే మీరే వచ్చి బయటికి తెచ్చుకోండి అన్నట్టుంది.

మా కమిటీ అధ్యక్షుడు మందుల షాపాయన. సంఘంలోనూ ఆయనే పెద్ద. ఆయన మొహమ్మీద “మాకిష్టం లేదండీ” అనాలంటే గుండె కావాలి. ఊళ్లో ఇద్దరే వచ్చారు. ఇద్దరి దేవుడూ వేరు, ప్రార్థనా వేరు. ఒకాయన గడియారాలు బాగుచేస్తాడు, కవల పిల్లల తండ్రి. రెండో ఆయన దర్జీ. ఆయన కూతురు మా ఐదో తరగతి. మిగిలిపోయిన గుడ్డలతో కుట్టిన గౌను, దాని మీద ఒక్కో గుండీ ఒక్కో రంగు. అందుకని బడంతా దాన్ని గుండీ అనే పిలుస్తుంది. నేను ప్రశ్న అడగడం పూర్తయ్యేలోపు అది లేచి నిలబడి ఉంటుంది. జవాబు తెలిస్తే చెబుతుంది, తెలియకపోతే ఇంకో ప్రశ్న వేస్తుంది. ఇన్నేళ్ల సర్వీసులో ఇలాంటి పిల్లని చూడలేదురా. అది ఈ బడిలో తలెత్తుకుని చదువుకునేలా చూడాలి, ఈ ఏడాదికి నాకదే పని. జవాబు రాయి.

నీ అక్క


సచివాలయం, మూడో అంతస్తు,
జూలై.

అక్కా,

ఉత్తరం చూసి నిజంగానే నవ్వాను. మా గుమాస్తా “సార్, ఎవరో పెద్దావిడ ఫిర్యాదు” అని ఫైల్లో పెట్టబోయాడు.

అవును, ఆ వాక్యం నాదే. నువ్వు తిడుతున్నావు గానీ, ఆ వాక్యం లేకుండానే వచ్చింది ఫైలు. పిల్లలందరూ కూర్చోవాల్సిందే అని ఉంది. నేను మా కార్యదర్శిగారి గది ముందు పడిగాపులు కాసి, ఆయన మూడ్ చూసి, కాళ్లావేళ్లా పడి దాన్ని చేర్పించాను. ఈ భవనంలో ఒక్క వాక్యం చేర్పించడం అంటే ఏమిటో నీకు తెలియదు. నా సర్వీసులో నేను గర్వపడే పని ఏదైనా ఉంటే అదే.

సర్కారు దగ్గర కప్పులకి డబ్బు లేదు. సంఘం దగ్గర ఉంది. ఎవరూ ఊరికే ఇవ్వరు, అది నీకూ తెలుసు. కాసేపు కథలు వింటే పిల్లలు చెడిపోతారా? మనం చిన్నప్పుడు వినలేదా? నువ్వు దేన్నయినా ముక్కు మీద కోపంతో చూస్తావు. ఇష్టం లేనివాళ్లు బయట ఉంటారు, ఇష్టం ఉన్నవాళ్లు లోపల ఉంటారు. ఇందులో ఎవరికి నష్టం చెప్పు?

నీ మరదలు నిన్ను అడిగానని చెప్పమంది. పిల్ల బాగా చదువుతోంది.

తమ్ముడు


బడి ఆఫీసు గది,
ఆగస్టు.

ఒరేయ్,

ఎవరికి నష్టం అని అడిగావు. నువ్వు రాసిన “వెలుపల” ఎలా ఉంటుందో చెబుతాను, విను.

వెలుపల అంటే ఈ వానల్లో వరండా ఒక్కటే. ప్రార్థనకి కూర్చునే ముందు పిల్లలందరూ చెప్పులు వరండాలో విప్పి లోపలికి పోతారు. బడెడు పిల్లల చెప్పులు, బురద కారుతూ. ఆ చెప్పుల మధ్య గుండీ, కవలలు కూర్చుంటారు. మొదటివారం ఎవడో అన్నాడు “మా చెప్పులకి కాపలా కుదిరింది” అని. ఇప్పుడు దాదాపు అందరూ అంటున్నారు. బయటికొచ్చి “నా జత ఎక్కడే?” అని గుండీని అడుగుతారు. మొదట్లో అది వెతికి ఇచ్చేది కూడాను, పాపం, ఆట అనుకుని.

బోధకుడి తప్పేమీ లేదు, కుర్రాడు నోట్లో నాలుక లేనివాడు. గొంతు బాగుంటుంది. “వాళ్లని ఇంకెక్కడైనా కూర్చోబెట్టండమ్మా, నాకే కష్టంగా ఉంది” అన్నాడు. ఎక్కడ కూర్చోబెట్టను? ఉన్నవి మూడు గదులు.

అందుకని నేనే వరండాలోకి కుర్చీ వేసుకున్నాను. అల్మరాలో మూలుగుతున్న పాత మైక్రోస్కోపు తుడిచి బయటికి తీశాను. ఊరి మంచినీళ్ల ట్యాంకు కుళాయి నుంచి ఒక్క చుక్క తెచ్చి అద్దం మీద వేసి చూపించాను. గుండీ ఒక కన్ను మూసి చూసింది. మూసిన కన్ను తెరవకుండానే అరిచింది, “టీచర్! ఇవి ఈదుతున్నాయి!” ఆ రోజు నుంచి వాళ్లింట్లో నీళ్లు కాచి తాగుతున్నారట, అదే మంకుపట్టు పట్టి కాయిస్తోందట.

రెండోవారానికి లోపలివాళ్లకి కడుపునొప్పులు మొదలయ్యాయి. “టీచర్, కాసేపు వరండాలో కూర్చుంటాను” అని ఒకడు, “నాకు తలతిరుగుతోంది” అని ఇంకొకడు. అంతా వచ్చి మైక్రోస్కోపు చుట్టూ మూగారు. ఆఖరికి బోధకుడు కూడా గంట కొట్టాక వచ్చి వంగి చూశాడు. “ఇవా మనం రోజూ తాగేది?” అన్నాడు తెల్లబోయి. ఎంత నవ్వుకున్నామో! నీ వాక్యం వల్ల మంచే జరిగింది పో, నిన్ను క్షమించాను.

అక్క


సచివాలయం,
సెప్టెంబరు.

అక్కా,

నువ్వు నవ్వుకున్నంతసేపు పట్టలేదు, ఫిర్యాదు రావడానికి. మీ మందుల షాపాయన స్వయంగా వచ్చి మంత్రిగారిని కలిశాడు. ప్రధానోపాధ్యాయురాలు పిల్లల్ని ప్రార్థన నుంచి మళ్లించడానికి వరండాలో ఆకర్షణలు పెడుతోందట. మైక్రోస్కోపు పేరు చెప్పలేక “ఆ గొట్టం” అన్నాడట.

మంత్రిగారు వెంటనే ఆ వాక్యం కొట్టేయమన్నారు. కొట్టేస్తే నీ గుండీ కూడా లోపల కూర్చోవాల్సిందే. నేను అడ్డం పడ్డాను. మళ్లీ కాళ్లావేళ్లా పడ్డాను. చివరికి కర్ర విరగకుండా పాము చావకుండా ఒక దారి దొరికింది. వాక్యం ఉంటుంది. దాని కింద ఇంకొకటి చేరింది: “వెలుపల ఉన్న పిల్లలకు ఆ సమయమున ఏ విధమైన బోధనయు చేయరాదు.” లోపలివాళ్లు ప్రార్థనలో ఉండగా బయటివాళ్లకి పాఠం చెబితే లోపలివాళ్లకి అన్యాయం జరిగినట్టే కదా అని కార్యదర్శిగారి వాదన. ఒక రకంగా చూస్తే న్యాయంగానే ఉంది.

దయచేసి మైక్రోస్కోపు లోపల పెట్టెయ్. నా మీద కోపం తెచ్చుకోకు. నేను లేకపోతే ఆ మొదటి వాక్యం కూడా ఉండేది కాదు.

తమ్ముడు


బడి ఆఫీసు గది,
అక్టోబరు చివర.

విద్యాశాఖ అధికారిగారికి,

నిన్ను తమ్ముడూ అని పిలవడానికి ఇవాళ నోరు రావడం లేదు.

బళ్లో పాఠం చెబితే నేరం. మన తాతలు కూడా వినని మాట ఇది. అదీ నీ చేత్తో రాసి, “ఒక రకంగా న్యాయమే” అంటావా? కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది నీ రక్షణ. మైక్రోస్కోపు అల్మరాలో పెట్టి తాళం వేశాను. పిల్లలు చెప్పుల మధ్య చేతులు కట్టుకుని కూర్చున్నారు. పుస్తకం తెరిస్తే అది బోధన కిందికి వస్తుందా రాదా అని కమిటీలో చర్చ జరిగింది. వస్తుందని తేల్చారు.

గడియారాలాయన కవలల్ని తీసుకుని వాళ్ల మామగారి ఊరు వెళ్లిపోయాడు. గుండీ ఒక్కతే మిగిలింది.

వానలు వెనకబట్టాక దర్జీ వీధిలో నీళ్ల విరేచనాలు పట్టుకున్నాయి. ఇంటికి ఒకరు పడ్డారు. ట్యాంకు కడిగించమని మున్సిపాలిటీకి నేను రాశాను, ఎవరూ పలకలేదు. మందుల షాపాయన మాత్రం జవాబు కనిపెట్టాడు. ఊళ్లో కొందరు ప్రార్థన మానేస్తే ఇలాంటివి రాక ఏం చేస్తాయి అన్నాడు. పొద్దున్న ఆ మాట అంటాడు, సాయంత్రం అదే జబ్బుకి మాత్రలమ్ముతాడు. ఆ మాట విని మున్సిపాలిటీ వాళ్లు కూడా ఊపిరి పీల్చుకున్నారు. దేవుడి మీదికి నెట్టేస్తే ఇక ట్యాంకు ఎవడు కడగాలి? మీ సర్కారుకీ ఆ సంఘానికీ పొత్తు ఎందుకు కుదిరిందో నాకు అప్పుడు అర్థమైంది.

దర్జీ ఇంట్లో ఒక్కళ్లకీ రాలేదు, నీళ్లు కాచి తాగారు గనక. అదే కొంప ముంచింది. మనకందరికీ వచ్చి వాళ్లకెందుకు రాలేదు, వీళ్లే ఏదో చేశారు అన్నారు. ఆయన దగ్గరికి గుడ్డలు రావడం తగ్గిపోయింది.

నిన్న ఆయన వచ్చాడు. కూర్చోమంటే కూర్చోలేదు. “పిల్లని లోపలికి పంపించెయ్యండి టీచరమ్మా” అన్నాడు.

“ఇంకొన్నాళ్లు ఓర్చుకోండి, అది మామూలు పిల్ల కాదు, దాన్ని వంచకండి” అన్నాను.

“దాన్ని నిలబడమంటే నిలబడుద్దండి. నాకు తెలుసు. కానీ మీకు ఒకటో తారీఖున జీతం వస్తది. నాకు జనం గుడ్డ తెస్తేనే పొయ్యి వెలుగుద్ది. మా దేవుడు మా ఇంట్లోనే ఉంటాడు లెండి, ఎక్కడికీ పోడు.”

 లోపలికి రావడానికి కూడా కమిటీ ఎదుట హాజరవ్వాలట. హాజరయ్యాడు. మందుల షాపాయన “ఏమిటీ? సరిగా వినపడలేదు” అని రెండోసారి చెప్పించుకున్నాడు.

ఇంకొకటి. మొన్న ఫోన్లో మేనకోడలి చదువు సంగతి అడిగితే మరదలు నోరు జారింది. పిల్లని ప్రైవేటు బళ్లో వేశారట. మొదటి పీరియడు సంగీతమట, ప్రార్థనలూ గట్రా ఏమీ ఉండవట, మీరు ఆ సంగతి ముందే కనుక్కుని మరీ చేర్పించారట. ఎన్నేళ్లయిందిరా? నాకు ఎందుకు చెప్పలేదు?

ప్రధానోపాధ్యాయురాలు


సచివాలయం,
జనవరి.

అక్కా,

నీ ఉత్తరం చదివి చాలారోజులు రాయబుద్ధి కాలేదు. అధికారిగారికి అని మొదలుపెట్టావు చూడు, అది నన్ను చెంపదెబ్బ కంటే ఎక్కువ బాధపెట్టింది. నన్ను ఎత్తుకుని తిప్పినదానివి, నువ్వే అలా అంటే ఇక నాకెవరున్నారు?

అవును, పిల్లని ప్రైవేటులో వేశాం. నువ్వు ఇలాగే అంటావనే చెప్పలేదు. ప్రతి తండ్రీ తన పిల్లకి మంచిదే చూసుకుంటాడు. నా కూతురి మీద కూడా ప్రయోగాలు చేయించమంటావా?

పోనీ, మంచి వార్త చెబుతాను, నీ కోపం చల్లారుతుంది. మొన్న రాజధానిలో నీతి పద్యాల పోటీ జరిగింది. అన్ని జిల్లాల పిల్లలూ వచ్చారు. మొదటి బహుమతి ఎవరికి వచ్చిందనుకున్నావు? నీ గుండీకి! గడగడా అప్పజెప్పేసింది, ఒక్క చోట తడబడలేదు. మంత్రిగారు వేదిక మీద దాన్ని దగ్గరికి తీసుకుని, “వేరే విశ్వాసం ఇంట పుట్టిన బిడ్డ, చూడండి, మన బడులు అందరినీ ఎలా కలుపుతున్నాయో” అన్నారు. చప్పట్లు ఆగలేదు. నేను వెనక వరసలో ఉన్నాను, నాకు కళ్లు చెమర్చాయి. తండ్రి కూడా వచ్చాడు. సంఘం వాళ్లు బడి యూనిఫారాల కుట్టుపని ఆయనకే ఇచ్చారట కదా. నువ్వు అనవసరంగా భయపడ్డావు. పిల్ల తలెత్తుకునే ఉంది.

తమ్ముడు


బడి ఆఫీసు గది,
మార్చి.

తమ్ముడూ,

నీ ఉత్తరానికి వెంటనే జవాబు రాస్తే బూతులు వచ్చేవి, అందుకని ఆగాను. బహుమతి తెచ్చుకున్న రోజు గుండీ నాకు దాన్ని చూపించడానికి రాలేదు. నేనే వెళ్లి చూశాను. బాగుందన్నాను. “ఊఁ” అంది. ఇంతకుముందు ఏదీ “ఊఁ”తో సరిపెట్టేది కాదు. ఇప్పుడు తరగతిలో చెయ్యెత్తడం మానేసింది, అడిగితే చెబుతుంది, కూర్చోమంటే కూర్చుంటుంది. బోధకుడే వచ్చి నాతో అన్నాడు, “ఆ పిల్లకి అన్నీ కంఠతా వచ్చమ్మా, కానీ ఒక్క ప్రశ్న అడగదు, మొదట్లో మిగతా పిల్లలైనా అడిగేవారు” అని. పద్యాలు నేర్పినవాడికే దిగులు పట్టుకుంది.

ఇప్పుడు సంవత్సరాంత పరీక్ష. ఐదో తరగతి సైన్సు పేపర్లో “నీళ్ల విరేచనాలు ఎందువల్ల వస్తాయి?” అని ఒక ప్రశ్న ఇచ్చాను. గుండీ రాసింది: “ప్రార్థన తప్పినవారిని దేవుడు పరీక్షించుట వలన.” అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి. సున్నా వేశాను. వేసి పిల్లని పిలిచాను.

“ట్యాంకు నీళ్లలో ఏముందో నువ్వే చూశావు కదే? మర్చిపోయావా?”

“మర్చిపోలేదు టీచర్.”

“మరి ఇదేమిటి?”

“అది రాస్తే మీరొక్కరే మెచ్చుకుంటారు. ఇది రాస్తే గొడవుండదు.”

“మీ నాన్న రాయమన్నాడా?”

“ఎవరూ చెప్పలేదు. నాకే తెలిసింది.”

కళ్లలో నీళ్లు లేవు, భయం లేదు. సరుకు ధర చెప్పినట్టు చెప్పింది. నేను దాన్ని పంపించేసి తలుపు వేసుకుని ఏడ్చాను. దానికి పదేళ్లురా. పదేళ్లకే నీ ఉద్యోగానికి సరిపోయేంత తెలివి వచ్చేసింది.

మంత్రి చేతి మీదుగా బహుమతి అందుకున్న పిల్లకి, నీతి బోధలో నేర్పిన జవాబుకే సున్నా వేశానని మందుల షాపాయన మళ్లీ ఫిర్యాదు పెట్టాడు. సంజాయిషీ అడుగుతూ మీ శాఖ నుంచి మెమో వచ్చింది. నేను సంజాయిషీ ఇవ్వను. ఒక్కటే అడుగుతాను. చిన్నప్పుడు సైన్సులో నీ అంతటివాడు లేడు. ఆ జవాబు ఒప్పా, తప్పా? గోడ మీద పిల్లిలా కూర్చోకుండా, ఒక్క మాటలో రాసి సంతకం పెట్టి పంపు. తప్పు అని రాస్తే నా సున్నా నిలుస్తుంది, ఆ పిల్ల దగ్గరికి నీ కాగితం తీసుకెళ్లి, “చూడు, పైన కూర్చున్నవాళ్లలో కూడా నిజం చెప్పేవాడు ఒకడున్నాడు” అని చూపిస్తాను. అది నమ్ముతుంది. ఇంకా నమ్మే వయసే.

నిన్ను నా జన్మలో ఏమీ అడగలేదు. ఇది అడుగుతున్నాను.

అక్క


విద్యాశాఖ, సచివాలయం,
ఏప్రిల్.

ప్రధానోపాధ్యాయురాలికి,

విషయము: ఐదవ తరగతి, విజ్ఞాన శాస్త్రము, మూల్యాంకనము గురించి.

తమరి లేఖ అందినది. సదరు ప్రశ్నకు విద్యార్థిని వ్రాసిన సమాధానము నీతి బోధ పాఠ్యాంశమునకు అనుగుణముగా ఉన్నది. విజ్ఞాన శాస్త్ర పాఠ్యపుస్తకములోని సమాధానము సైతము సరియైనదే. రెండును ప్రభుత్వము ఆమోదించిన పాఠ్యాంశములే అయినందున, రెండింటిలో ఏది వ్రాసినను పూర్తి మార్కులు ఇవ్వవలెను. భవిష్యత్తులో వివాదములకు తావు లేకుండుటకై ఈ ఉత్తర్వును కమిటీ అధ్యక్షుని సమక్షమున తరగతిలో చదివి వినిపించవలెను. మెమోపై తదుపరి చర్య నిలిపివేయడమైనది.

ఇట్లు,
సంతకము
విద్యాశాఖ అధికారి


బడి ఆఫీసు గది,
ఏప్రిల్, చివరి పనిదినం.

తమ్ముడూ,

ఉత్తర్వు అందింది. అడుగున నీ చేత్తో ఒక్క ముక్కైనా రాసి ఉంటావేమో అని కాగితం వెనక్కి తిప్పి కూడా చూశాను. ఏమీ లేదు. నా ఉద్యోగం నిలబెట్టావు, అందుకు నువ్వు పైన ఎవరి కాళ్లు పట్టుకున్నావో నాకు తెలియదు.

ఇవాళ తరగతిలో చదివి వినిపించాను. వెనక బల్ల మీద మందుల షాపాయన కాలు మీద కాలు వేసుకుని కూర్చున్నాడు, ఒక్క మాట మింగుతానేమో చూడటానికి. మింగలేదు. పిల్లలకి సగం అర్థం కాలేదు. మార్కులు అందరికీ వస్తాయని మాత్రం అర్థమై కేరింతలు కొట్టారు.

గుండీ చెయ్యెత్తింది. ఎన్ని నెలలకిరా! నా ప్రాణం లేచొచ్చింది. లేచి నిలబడింది.

“రెండూ ఒప్పేనా టీచర్?”

“అలాగే రాశారమ్మా.”

“మరైతే నేర్చుకోవడం ఎందుకు టీచర్?”

వెక్కిరింపు కాదు. నిజంగానే అడుగుతోంది. ఆ మొహంలో పాత గుండీ ఉంది. నేను ఒక్క మాట చెబితే పట్టుకుని పైకి వచ్చేసేలా ఉంది. పిల్లలంతా నా వైపు తిరిగారు. వెనక బల్ల మీది ఆయన కాలు దించి ముందుకి వంగాడు.

ఏం చెప్పాలో నాకు తెలుసు. చెబితే ఏమవుతుందో కూడా తెలుసు. నీ ఉత్తర్వు చేతిలోనే ఉంది, నా పెన్షను కళ్లముందే ఉంది. పిల్ల నిలబడే ఉంది, జవాబు కోసం.

ఆయాని పిలిచి బడి గంట ముందే కొట్టించేశాను.

ఎంతైనా నీ అక్కనే కదా.